అడగడం రాని చదువు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా తెనాలి దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో, రిటైరైన ప్రెస్సు కంపోజిటర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్నది. తడబాట్లు కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారమండి. మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. ట్రెడిల్ అనే అచ్చు మెషిన్ పక్కన నిలబడి పదహారేళ్ళు అరిచి మాట్లాడిన గొంతు నాది, మైకు పని పెద్దగా ఉండదు.

లైబ్రేరియన్ గారు పోయిన వారం ఫోన్ చేసి, "మీరు ఈ వయసులో కూడా ఏదో ఒకటి నేర్చుకుంటూనే ఉంటారు కదా, అందులో మీ బలాలేంటి, బలహీనతలేంటి, వచ్చి చెప్పండి" అన్నారు. నేను ఉపన్యాసాలు అచ్చేసినవాణ్ణే గాని ఇచ్చినవాణ్ణి కాదు. సన్మాన సంచికలు, వార్షికోత్సవ సంచికలు చాలా కంపోజ్ చేశాను. వాటిలో ఒకటి గమనించాను. బలహీనత చెప్పమంటే పెద్దవాళ్ళు కూడా బలమే చెబుతారు. "నా బలహీనత ఏంటంటే, పని పూర్తయ్యేదాకా నిద్ర పట్టదు" అంటారు. అదేం బలహీనతండీ? (నవ్వులు) అలాంటిది చెప్పకూడదని కాగితం తీసుకుని కూర్చున్నా. బలాల వైపు గబగబా నాలుగు రాశాను. రెండోవైపు ఖాళీ. అరగంట చూసి మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ చపాతీలు ఒత్తుతూ తల కూడా ఎత్తకుండా, "మీరు దారి అడగరు" అంది.

అది నిజం. ఒకసారి రేపల్లె పెళ్ళికి వెళ్ళి, కల్యాణ మండపం ఎక్కడో తెలీక స్కూటర్ మీద గంటసేపు తిప్పాను. దారి పొడుగునా మనుషులున్నారు, కిళ్ళీ కొట్లున్నాయి. అడగలేదు. భోజనాలు రెండో బంతిలో దొరికాయి. "ఆ దారి సంగతి ఇప్పుడెందుకు, నేను చదువు సంగతి అడుగుతుంటే" అన్నాను. "రెండూ ఒకటే" అంది.

వారం రోజులుగా ఆ మాటే ఆలోచిస్తున్నాను. ఈ పూట చెప్పేదంతా ఆ మాట మీదే.

మా తాత దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే ఇది లైబ్రరీ కాబట్టి. 1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు మన కృష్ణా కాలవ మీద పడవ గ్రంథాలయం నడిపారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా, పుస్తకాల బీరువాలతో పడవ. కాలవ గట్టు ఊళ్ళవాళ్ళు రేవులోకి వచ్చి పుస్తకం తీసుకునేవాళ్ళు, ఇచ్చేవాళ్ళు. మా తాతకి అక్షరం ముక్క రాదు. పాలేరు పని. కానీ పడవ వచ్చిందంటే రేవుకి పోయేవాడట. ఎవరో ఒకరు పైకి చదివితే వినేవాడు. వినడంతో ఆగేవాడు కాదు. "ఆ మాటకి అర్థమేంటి? అతనెందుకలా చేశాడు? ఆ ఊరు ఎక్కడ?" అని చదివేవాడి ప్రాణం తీసేవాడట. ఊళ్ళో ఆయనకి "ఎందుకయ్య" అని పేరు. నేను చిన్నప్పుడు చూసేసరికే ముసలాయన. అప్పుడు కూడా దారిన పోయే బస్సు కండక్టరుని ఆపి డీజిల్ ఎక్కడ పోస్తారని అడిగేవాడు. నాకు సిగ్గేసేది. ఆయన పక్కన నిలబడాలంటే సిగ్గు.

సంతకం కూడా రాని మా తాత అడిగాడు. చదువుకున్న నేను ఆయన్ని చూసి సిగ్గుపడ్డాను. ఈ సంగతి నాకు అరవై దాటాక గాని తోచలేదు.

1978లో, పదో తరగతి అయ్యాక, నాన్న పోవడంతో ప్రెస్సులో చేరాను. పదహారేళ్ళు. ఇక్కడ కూర్చున్న పిల్లలకి సీసం అక్షరాల కంపోజింగ్ ఎలా ఉంటుందో తెలీదు కాబట్టి రెండు ముక్కలు చెబుతాను. ఒక్కో అక్షరం ఒక్కో సీసం ముక్క. కేసులని చెక్క అరలుంటాయి, గడులు గడులుగా. ఇంగ్లీషుకి రెండు కేసులతో అయిపోతుంది. మనకి గుణింతాలు, ఒత్తులు ఉన్నాయి కదా, చుట్టూ కేసులు పేర్చుకుని మధ్యలో నిలబడాలి. ఎడమచేతిలో స్టిక్కు. కుడిచేత్తో ఒక్కో అక్షరం ఏరి అందులో పేర్చాలి. అక్షరం అచ్చులో సరిగ్గా పడాలంటే ముక్క మీద తిరగబడి ఉంటుంది. స్టిక్కులో దాన్ని తలకిందులుగా పెట్టి ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతాం. మొదట్లో కళ్ళు తిరుగుతాయి. ఆర్నెల్లకి అలవాటైపోయి, ఇంటికొచ్చి మామూలు పేపరు చదివితే అదే వింతగా ఉంటుంది.

మా ప్రెస్సులో ఒక సీనియర్ ఉండేవాడు. పెద్దాయన అనేవాళ్ళం. మహా పనిమంతుడు. పట్టికలు కట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. బిల్లు పుస్తకాలకి, పంచాంగాలకి గడులు కట్టాలంటే ఇత్తడి రూళ్ళు లెక్కగా కోసి, ఖాళీలు లెక్కగా నింపి, మెషిన్ మీద కదలకుండా బిగించాలి. ఆయన ఆ పని చేసేటప్పుడు మా కుర్రాళ్ళ వైపు వీపు పెట్టి నిలబడేవాడు. నిజంగానండి. ఎవరన్నా "బాబాయ్, ఇదెట్టా?" అంటే, "చూసి నేర్చుకో" అనేవాడు. వీపు చూసి ఏం నేర్చుకుంటాం?

కానీ అచ్చు అయిపోయాక ఆ ఫారాలు, అంటే అక్షరాలు పేర్చి బిగించిన పేజీలు, విప్పి, ఏ అక్షరం ఆ గడిలో తిరిగి వేసే పని కుర్రాళ్ళదే. డిస్ట్రిబ్యూషన్ అంటారు. అందరికీ విసుగు పని అది. నేను మాత్రం పెద్దాయన కట్టిన పట్టికలు విప్పడానికి ఎగబడేవాణ్ణి. దారం విప్పి, ఒక్కో రూలు తీస్తూ, దీని కింద ఇదెందుకు పెట్టాడు, ఇక్కడ ఈ సన్న ముక్క ఎందుకని చూసుకునేవాణ్ణి. కట్టడం విప్పుతూ నేర్చుకున్నా. రెండేళ్ళలో నేనూ పట్టికలు కట్టాను. పెద్దాయన చూసి ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి నాకేసి వీపు పెట్టడం మాత్రం మానేశాడు. అది నాకు పద్మశ్రీ ఇచ్చినంత.

బలం ఏంటని అడిగితే ఇదే చెబుతాను. ఎవరో చేసిన పనిని నా చేతికిస్తే, విప్పి చూసి, ఎలా చేశారో కనిపెడతాను. చేతికి ఓపిక ఉంది. ఒకే పని నూరుసార్లు చేయమన్నా విసుగు రాదు. ఇది దేవుడిచ్చిందో, గతి లేక వచ్చిందో నాకు తెలీదు, గతి లేకే అనుకుంటా.

దీంతోపాటే ఒక రోగం కూడా అంటుకుంది. చూసి నేర్చుకునేవాడు మగాడు, అడిగి నేర్చుకునేవాడు చవట అని మనసులో పడిపోయింది. పెద్దాయన నేర్పించిన వాటిలో నాకు పూర్తిగా వంటబట్టింది అదే.

దాని ఫలితం ఎక్కడెక్కడ తేలిందో చూడండి. సాయంత్రాలు హిందీ పరీక్షలకి కట్టాను. దక్షిణ భారత హిందీ ప్రచార సభ పరీక్షలు. ప్రాథమిక్ పాసయ్యాను, మధ్యమ పాసయ్యాను, మంచి మార్కులే. రాష్ట్రభాషకి ఫీజు కట్టి మానేశాను. ఇంట్లో ప్రెస్సులో పని ఎక్కువైందని చెప్పాను. నలభై ఏళ్ళు నేను కూడా అదే నమ్మాను. మొన్న కాగితం మీద రాస్తుంటే అసలు సంగతి గుర్తొచ్చింది. ఆ ఏడు మాస్టారు క్లాసులో అందర్నీ లేపి హిందీలో మాట్లాడించడం మొదలుపెట్టారు. నాకు రాయడం వచ్చు, చదవడం వచ్చు. నలుగురిలో నిలబడి తప్పు మాట్లాడటం రాదు. హార్మోనియం కూడా అంతే. ఒక్కణ్ణే ఉన్నప్పుడు సరళీ స్వరాలు వాయించేవాణ్ణి, భజనలో వాయించమనగానే పెట్టె అటక మీదకెక్కింది. ఇప్పటికీ అక్కడే ఉంది. సగంలో వదిలేసినవి వరసగా రాసి చూస్తే, అన్నీ ఒకే చోట ఆగాయి. నా తప్పు పక్కవాడికి వినపడే చోట.

మీలో పోటీ పరీక్షలకి చదివేవాళ్ళున్నారు కదా, మీరూ ఒకసారి ఆ లెక్క రాసి చూడండి. మొదలుపెట్టినవి కాదు, ఆపేసినవి. ఎందుకు ఆపామో మనం చెప్పుకునే కారణం ఒకటుంటుంది. ఆపిన రోజు జరిగింది ఇంకోటుంటుంది.

సరే, 1994. మా ఓనరు గారు కంప్యూటర్ తెచ్చారు. ఒక గదిలో ఏసీ పెట్టి, చెప్పులు బయట విడిచి లోపలికి రమ్మన్నారు, గుడికొచ్చినట్టు. పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు, లేజర్ ప్రింటర్. ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి, ప్లేటు చేసి, ఆఫ్‌సెట్‌లో వేస్తారు. ఏడాది తిరక్కుండా సీసం అంతా కిలోల లెక్కన తూకానికి వేశారు. నేను ఆ తూకం దగ్గర నిలబడ్డాను. పదహారేళ్ళ నా చదువు గోనె సంచుల్లో పోయింది. కేసులు మాత్రం మా ఆవిడ తెచ్చుకుంది. పోపుల సామాను పెట్టుకోవడానికి ఆ గడులు భలే కుదిరాయి.

నాకు ముప్ఫై రెండేళ్ళు. ఇంగ్లీషు చదవడం సరిగ్గా రాదు. కంప్యూటర్ గదిలో ఉన్నవాళ్ళు నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు, విజయవాడ వెళ్ళి కోర్సు చేసి వచ్చారు. వాళ్ళని అడగొచ్చు. అడగలేదు. ఏం చేశానంటే, కేసు నేర్చుకున్నట్టే కంప్యూటర్ నేర్చుకున్నాను. కేసులో ఏ అక్షరం ఎక్కడుందో కంటితో చూడం, చెయ్యే పోతుంది. అలాగే మెనూలో మొదటి దాన్ని నొక్కి కిందకి నాలుగోది అయితే ఫలానా పని, ఏడోది అయితే ఫలానా పని అని స్థలాలు బట్టీ పట్టాను. ఆ మాటేంటో నాకు తెలీదు, ఆ చోటు తెలుసు. ఇంటికొచ్చి ఐదో తరగతి చదివే మా అమ్మాయి చేత కొన్ని మాటలకి అర్థాలు రాయించుకున్నాను. "సేవ్ అంటే దాచు, ప్రింట్ అంటే అచ్చు" అని రూళ్ళ కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. పిల్లని అడగడం అడగడం కిందకి రాదనుకున్నాను లెండి.

మూడు నెలల్లో వాళ్ళతో సమానంగా కొట్టాను. ఆర్నెల్లలో వాళ్ళకంటే వేగం. అందరూ మెచ్చుకున్నారు. ఇక్కడ కథ ఆపేస్తే నేను పెద్ద ఆదర్శం. (నవ్వులు)

తర్వాత కొత్త వెర్షన్ వేశారు. మెనూలో రెండు వరసలు కొత్తవి వచ్చి, నా నాలుగోది ఆరోదైంది. నేను నేర్చుకున్నదంతా ఒక్క పూటలో తారుమారు. ఓ పెళ్ళి శుభలేఖ ఫైలు పోగొట్టాను, దాని మీదే ఇంకోటి దాచి. అప్పుడూ అడగలేదు. రాత్రి అందరూ వెళ్ళాక కూర్చుని మళ్ళీ స్థలాలు బట్టీ పట్టాను. అప్పటికి చేతిలో పని నిలబడింది, అందువల్ల గుణపాఠం రాలేదు. మన పద్ధతి తప్పని, అది పనిచేసినంతకాలం మనకెవరూ చెప్పరు.

శుభలేఖ అన్నాను కాబట్టి ఇంకొకటి చెప్పాలి, ఇది నా రెండో లోపం. నాకు తప్పులు పట్టే కన్ను ఉంది. పేజీ ఇలా చూస్తే ధ ఉండాల్సిన చోట థ పడిందంటే గుచ్చుకుంటుంది. బజారులో బోర్డులు చదవలేను, తలనొప్పి. ఊళ్ళో ప్రూఫు చూడాలంటే నా దగ్గరికే వచ్చేవాళ్ళు. అలాంటి నేను ఒక పెళ్ళికార్డు నేనే కొట్టి, నేనే ప్రూఫు చూసి, ఐదు వందలు అచ్చేయించాను. ముహూర్తం రాత్రి రెండు దాటాక. మన కార్డుల్లో ఎలా వేస్తాం? "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని. నేను కొట్టిన దాంట్లో "గురువారం రాత్రి తెల్లవారితే" అనే ముక్క ఎగిరిపోయింది. వట్టి శుక్రవారం, దాని పక్కన రాత్రి టైము మిగిలింది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ నా కంటికి ఆ ముక్క కనిపించింది, లేకపోయినా. వేల కార్డులు కొట్టిన కన్ను కదా, దానంతట అదే నింపేసుకుంది. దూరం చుట్టాలు కొందరు శుక్రవారం రాత్రి ముస్తాబై వస్తే, పందిరి విప్పుతున్నారట. పెళ్ళికూతురి తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పట్నుంచి నా ప్రూఫు నేను చూడటం మానేశాను. ఓనరు గారి ఏడో తరగతి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అచ్చయినదాన్ని పైకి చదివించి, నేను అసలు కాపీ చూసుకునేవాణ్ణి. వాడికి శుభలేఖలు ఎలా ఉండాలో తెలీదు. అందుకే కాగితం మీద ఏముందో అదే చదివేవాడు. తెలియనివాడి కన్నుకి ఆ విలువ ఉందని అప్పటిదాకా నాకు తెలీదు.

ఇహ అసలు దెబ్బ. 2011. ఒక రిటైర్డ్ మాస్టారి సంస్మరణ సంచిక చేశాం, నూట ఇరవై పేజీలు. పుస్తకం బాగా వచ్చింది. ఆయన కొడుకు అమెరికాలో ఉంటాడు. ఫైలు మెయిల్ చేయమంటే చేశాం. ఆయన తెరిస్తే, తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, పిచ్చి గీతలు. ఎందుకంటే మా అను ఫాంట్లలో లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నచోట తెలుగులా కనపడుతుంది, లేనిచోట ముసుగు తీసేస్తుంది. "యూనికోడ్‌లో పంపండి అంకుల్, నెట్‌లో పెట్టుకుంటాం" అన్నాడాయన. యూనికోడ్ అంటే ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరం తెలుగు అక్షరంగానే ఉండే పద్ధతి. అందులో 1991 నుంచీ తెలుగుకి చోటుంది. నేను ఆ మాట వినడం మాత్రం అప్పుడే. "అలాగే" అన్నాను, తెలిసినట్టు.

నూట ఇరవై పేజీలు మళ్ళీ కొట్టడానికి కూర్చున్నాను. మూడు రాత్రులు. ఎలా కొట్టినా ఒత్తులు పడవు. మధ్యలో చుక్కలతో ఒక సున్నా వస్తుంది, దాని పక్కన దీర్ఘం వేలాడుతుంది. కంప్యూటర్ పాడైందనుకున్నా. ఫాంటు పాడైందనుకున్నా. ఒక పూట షాపు కరెంటు మీద కూడా అనుమానం వచ్చింది.

మా షాపులో జెరాక్సు చూసుకునే అమ్మాయి ఉండేది, డిగ్రీ చదువుతూ పార్ట్ టైమ్. నాలుగో రోజు టిఫిన్ బాక్సు తెరుస్తూ నా స్క్రీన్ వైపు చూసి, "అంకుల్, ఎందుకలా కొడుతున్నారు? చెప్పినట్టు కొట్టండి, రాసినట్టు కాదు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయి పెరుగన్నం చెయ్యి కడుక్కుని వచ్చి చూపించింది. "స్త్రీ" తీసుకోండి. ముప్ఫై మూడేళ్ళుగా నేను కొట్టే వరస, కంటికి కనిపించే వరస. ముందు "సీ", తర్వాత కింద ఒత్తులు. సీసంలో అంతే, అనులోనూ అంతే. యూనికోడ్‌కి ఆ వరస పనికిరాదు. నోటితో పలికే వరస కావాలి. స, పొల్లు, త, పొల్లు, ర, చివరికి దీర్ఘం. ఆరు. గుడి దీర్ఘం కంటికి స మీద కూర్చున్నట్టున్నా, నోటికి అది చివర వస్తుంది. నేను స పక్కనే దీర్ఘం కొట్టేసి తర్వాత ఒత్తు అడిగితే, అది చుక్కల సున్నా పెట్టి "నాకు తెలియట్లేదయ్యా" అంటోంది. రెండు నిమిషాలు పట్టింది ఆ అమ్మాయికి. నాకు మూడు రాత్రులు.

విప్పి చూస్తే తెలిసిపోతుందనే నా విద్య అక్కడ పనిచేయలేదు. పట్టిక విప్పితే రూలు చేతికి దొరుకుతుంది. ఇందులో విప్పడానికి కంటికి కనిపించేది ఏదీ లేదు. "సాఫ్ట్‌వేర్" అని కొడితే "సాఫ్ట్వేర్" అని వ ఒత్తై కూర్చుంటుంది. అది రాకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు కొట్టాలి. కనపడని దాన్ని చూసి ఎలా నేర్చుకుంటాం? ఎవరో ఒకరు చెప్పాలి. మనం అడగాలి.

ఆ అమ్మాయి ఎప్పుడో చెప్పేది. ఆ మూడు రోజులూ నా పక్క టేబుల్ దగ్గరే ఉంది. నేను స్క్రీన్ అటు తిప్పుకుని కొట్టాను. పెద్దాయన వీపు గుర్తుందా? నేనూ అదే పని చేశాను. ఆయన వచ్చింది దాచుకోవడానికి తిప్పాడు, నేను రానిది దాచుకోవడానికి.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. కష్టంగా ఉంది గాని చెబుతాను. ఆ రోజుతో నేను మారిపోయానని మీరనుకుంటారు. లేదు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళకి నా దగ్గర ఒక కుర్రాడు చేరాడు. ప్రతిదీ అడిగేవాడు. మార్జిన్ ఎంత, ఇక్కడ సైజు పన్నెండా పద్నాలుగా, ఈ లైను ఎందుకు కిందకి జారింది... ఒకరోజు ఐదోసారి అదే అడిగితే, "కళ్ళు లేవా? చూసి నేర్చుకో" అని కసిరాను. నా నోట్లోంచి పెద్దాయన గొంతు వచ్చింది. అచ్చం అదే మాట. వాడు ఆ నెల మానేశాడు. వేరే షాపులో చేరి మంచి డిజైనర్ అయ్యాడు, ఎదురుపడితే నమస్కారం పెడతాడు.

ఎందుకంత కోపం వచ్చిందని చాలాకాలం ఆలోచించాను. పని ఎక్కువైనందుకు కాదు. వాడు అంత సులువుగా అడిగేయడం నాకు కళ్ళమంటగా ఉంది. నేను ముప్ఫై ఏళ్ళు కష్టపడి దాటిన గోడని వాడు గేటు తీసుకుని దాటుతున్నాడు. మా తాతని చూసి సిగ్గుపడిందీ, ఈ కుర్రాణ్ణి కసిరిందీ ఒకే మనిషి.

ఇప్పుడేం నేర్చుకుంటున్నానో చెప్పి ముగిస్తాను, లైబ్రేరియన్ గారు గడియారం చూస్తున్నారు.

రిటైరయ్యాక తెలుగు వికీసోర్స్‌లో పనిచేస్తున్నాను. పాత పుస్తకాలు, కాపీహక్కులు తీరిపోయినవి, స్కాన్ చేసి అందులో పెడతారు. బొమ్మలోంచి అక్షరాలు కంప్యూటరే తీస్తుంది, సగం తప్పులతో. ప ని వ అంటుంది, థ ని ధ అంటుంది. మనం పక్కపక్కన పెట్టుకుని దిద్దాలి. డబ్బులేమీ రావు. నాకు మాత్రం మళ్ళీ ప్రెస్సులో చేరినట్టుంది. ఆ పాత పేజీల్లో ఒత్తు ఎక్కడ అరిగిందో, అచ్చులో ఏ ముక్క విరిగిపడిందో చూడగానే తెలిసిపోతుంది.

చేరిన కొత్తలో నా బలం చూపించాను. పాత పుస్తకంలో అరసున్నలు, బండి ఱలు, ఇప్పుడు మనం రాయని రూపాలు ఉంటాయి కదా. తప్పులు పట్టే కన్ను! ఇరవై ముప్ఫై పేజీలు చకచకా "దిద్దేశాను", ఇప్పటి రూపాల్లోకి. తర్వాత ఎవరో, మనిషెవరో నాకు తెలీదు, ఓపికగా ఒక సందేశం పెట్టారు. "ఇక్కడ మూలంలో ఎలా ఉంటే అలాగే ఉంచాలండి" అని. నేను దిద్దినవన్నీ మళ్ళీ వెనక్కి తిప్పాల్సొచ్చింది. నా కన్ను మెచ్చుకోలుకి అలవాటుపడి, తప్పు కానిదాన్ని కూడా దిద్దేస్తోంది. ముందు అడిగి ఉంటే ఒక్క వాక్యంతో పోయేది.

అక్కడ ఒక పద్ధతి ఉంది, నాకు చాలా నచ్చింది. ఒకరు దిద్దిన పేజీకి పసుపు రంగు వస్తుంది. ఇంకొకరు మళ్ళీ చూసి ఆమోదిస్తే పచ్చబడుతుంది. మనం దిద్దిన పేజీని మనమే పచ్చ చేసుకోలేం. ఆ వీలే ఉండదు. మొదటిసారి అది చూసి నా పెళ్ళికార్డు గుర్తొచ్చి నవ్వుకున్నాను. ఆ చుట్టాలు ఖాళీ పందిట్లో నిలబడకుండా ఉండాల్సింది పాపం.

ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. జేబులో చిన్న నోటుబుక్కు. తెలీనిది ఎదురైతే అందులో రాస్తాను, పక్కన టైము వేస్తాను. ఎవరినైనా అడిగాక మళ్ళీ టైము వేస్తాను. రెండు టైముల మధ్య ఎంత తేడా ఉందో చూసుకోవడం, అంతే. మొదట్లో రోజులు, వారాలు ఉండేవి. ఈ మధ్య గంటల్లోకి వచ్చింది. ఒక్కటి మాత్రం పదకొండు రోజులుగా అలాగే ఉంది.

అదేంటంటే, కంప్యూటర్‌లో నాకు అరసున్న కొట్టడం వచ్చు. బస్సులో వెళ్తున్నప్పుడు ఫోన్‌లో పేజీలు దిద్దుదామంటే, ఫోన్ కీబోర్డులో అరసున్న ఎక్కడుందో దొరకడం లేదు. ప్రతి బటనూ నొక్కిపట్టి చూశాను, విప్పి చూసే అలవాటు కదా. రాత్రుళ్ళు కూర్చున్నాను. మా మనవణ్ణి అడగొచ్చు, కానీ ముందే చెప్పానుగా, ఇంట్లో పిల్లల్ని అడగడం నా లెక్కలోకి రాదు. అందుకే ఇక్కడ, ఇంతమందిలో, మైకులో అడుగుతున్నాను. మీలో ఎవరికైనా తెలుసా?

(వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది.)

ఆ... చెప్పమ్మా. ఉండు, కళ్ళజోడు పెట్టుకుంటా.